పెద్దమ్మకి గుండె మిషను కట్టిన వారం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: కుర్చీలో కూర్చుని నేర్చుకోలేని విద్య ఈ లోకంలో లేదని. ఆ కుర్చీ తెనాలి గ్రంథాలయంలో, దినపత్రికల బల్లకు కాస్త ఎడంగా, ఫ్యాను గాలి సూటిగా తగిలే చోట ఉండేది. డిగ్రీ అయింది మొదలు ఉద్యోగం దొరికేదాకా నేను దాన్ని వదిలిపెట్టలేదు. వ్యవసాయం అలమరాతో మొదలుపెట్టి, జ్యోతిషం అలమరా మీదుగా (అది పూర్తిగా నమ్మలేదు కానీ పూర్తిగా చదివాను) ఆరోగ్యం అలమరా దగ్గరికి వచ్చేసరికి అక్కడే స్థిరపడిపోయాను. మనిషి నడిచినప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి ఎలా నెడతాయి, గుండె వేగం ఎందుకు పెరుగుతుంది, గంటల తరబడి కదలకుండా కూర్చుంటే రక్తనాళాలకు ఎంత చేటు, ఇవన్నీ పొద్దున్నించి సాయంత్రం దాకా కదలకుండా కూర్చుని చదివాను. ఇందులో తమాషా ఏమైనా ఉందని అప్పట్లో నాకు తట్టలేదు. చుట్టాలందరూ నన్ను 'లైబ్రరీ' అని పిలిచేవాళ్ళు. వాళ్ళు వెక్కిరింపుగా అనేవాళ్ళు, నేను బిరుదుగా పుచ్చుకునేవాణ్ణి.

అలాంటి నాకు బాపట్లలో ఉద్యోగమని కబురొచ్చింది. ఒక డాక్టరు మేడమ్ అద్దె ఇంట్లో రెండు గదులు తీసుకుని, మన ప్రాంతం జనం రోజుకి ఎంత కదులుతున్నారు, ఆ కదలికకూ గుండె ఆరోగ్యానికీ ఏమిటి సంబంధం అని పరిశోధన చేస్తున్నారు. ఇంటింటికీ తిరిగే మనుషులు కావాలి. ఇంటర్వ్యూలో ఆవిడ అడిగింది ఒకటే: "ఈ పని గురించి నీకేం తెలుసు?" ఇక నేను అందుకున్నాను. గుండె నాలుగు గదులూ తిప్పి చూపించాను, ధమనుల్లో ప్రయాణం చేయించాను, సిరల వెంట వెనక్కి తీసుకొచ్చాను. ఆవిడ ముందు పెట్టిన టీ చల్లారిపోయింది. చివరికి ఆవిడ మెల్లగా, "బానే చదివావు. మరి నువ్వు రోజూ ఎంత నడుస్తావు?" అన్నారు.

"లైబ్రరీకి వెళ్ళి వస్తానండి."

"ఎంత దూరం?"

"మా ఇంటి పక్క సందేనండి."

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు చూశారు. ఉద్యోగం మాత్రం ఇచ్చారు, మూడు నెలలు పరీక్ష మీద. పరీక్షలో నెగ్గితే రేపల్లె వైపంతా నాదే. ఓడితే తెనాలిలో మా మామయ్య జిరాక్సు షాపు ఎలాగూ ఉంది. మామయ్య అప్పటికే నా కోసం ఒక స్టూలు కొని ఉంచాడు. ఆ స్టూలుకి వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు. అది చూసినప్పుడల్లా నాకు ఈ ఉద్యోగం మీద ప్రేమ రెట్టింపయ్యేది.

పని చూడటానికి తేలికే. అగ్గిపెట్టె అంత యంత్రం ఒకటి, దాన్ని బిగించిన నల్లటి సాగే బెల్టు ఒకటి. మనిషి దాన్ని వారం పాటు నడుముకి కట్టుకుని తిరగాలి, స్నానానికీ నిద్రకీ తీసెయ్యాలి. మనిషి ఎప్పుడు కదిలాడో, ఎంత జోరుగా కదిలాడో, ఎంతసేపు కదలకుండా ఉన్నాడో అంతా అది తనలో దాచుకుంటుంది. తర్వాత కంప్యూటరుకి తగిలిస్తే తెర మీద గీతలు గీతలుగా చూపిస్తుంది. నేను దానికి 'చలనమాపకం' అని చక్కటి తెలుగు పేరు పెట్టాను (నేను తప్ప ఎవరూ వాడలేదు). మేడమ్ బెల్టు నా చేతికిస్తూ, "వాళ్ళకి ఎక్కువ చెప్పొద్దు. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండమను, అంతే. మనకి కావాల్సింది మామూలు వారం. రేపల్లెలో నీ మొదటి ఇల్లు సరిగ్గా వస్తే నువ్వు ఉంటావు" అన్నారు. ఈ మాటల్లో చివరి వాక్యం నేను బాగా గుర్తు పెట్టుకున్నాను. మొదటి వాక్యం సంగతి తర్వాత చెబుతాను.

చీటీలు తీసి ఇళ్ళు ఎంచారు. రేపల్లెలో మొదటి చీటీ మా పెద్దమ్మ ఇంటికి తగిలింది. (ఇందులో నా ప్రమేయం లేదు, చీటీలు తీసింది మేడమే. చుట్టరికం సంగతి కూడా నేనే ముందుగా చెప్పాను.) నేను లోపల పొంగిపోయాను. ఎందుకంటే మా పెద్దమ్మ అంత కదిలే మనిషిని నేను ఈనాటికీ చూడలేదు. తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, ఇంటి వంట చేసి, బడికి వెళ్ళి పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం వండి, ఆ గుండిగలు దించి, కడిగి, వచ్చేదారిలో కూరలు కొని, సాయంత్రం మళ్ళీ వంట, శనివారమైతే చర్చి కడగడం అదనం. ఆవిడ కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు. వంటింటి గడప దగ్గర నిలబడి, కంచం అరచేతిలో పెట్టుకుని, ఒక కన్ను పొయ్యి మీద ఉంచి తినేది. పెదనాన్న రిటైరైన గుమాస్తా. ఆయనకి వరండాలో ఒక పడక కుర్చీ ఉంది. ఆ ఇంట్లో కూర్చునే పనంతా ఆయనే చూసుకునేవారు.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి బెల్టు కట్టాను. "ఏంట్రా ఇది, ఈ వయసులో నాకు వడ్డాణమా?" అంది పెద్దమ్మ. "పెద్దమ్మా, నువ్వేం చెయ్యక్కర్లేదు, రోజూ ఎలా ఉంటావో అలాగే ఉండు" అన్నాను. అక్కడితో ఆపేసి తెనాలి బండి ఎక్కి ఉంటే ఈ కథ లేదు. కానీ పెదనాన్న పడక కుర్చీలోంచి, "ఇంతకీ అది ఎందుకు?" అని అడిగారు. అడిగిన వాళ్ళకి చెప్పకుండా ఉండటం గ్రంథాలయ సంస్కారం కాదు కదా. పైగా గోడ అవతల పక్కింటావిడ కూడా చెంగు నడుముకి దోపుకుని నిలబడింది.

"గుండె కోసం పెదనాన్నా" అని మొదలుపెట్టాను. గుండె పిడికిలంత ఉంటుందనీ, పుట్టినప్పటి నుంచి విశ్రాంతి ఎరగదనీ, దానికి రక్తం అందించే నాళాలు సన్నగా ఉంటాయనీ, అవి లోలోపల పూడుకుపోతూ ఉంటాయనీ, పైకి మనిషి బంగారంలా తిరుగుతూ కనిపించవచ్చనీ, ఒక రోజు ఏ కబురూ లేకుండా, ఇదిగో ఇలా (వరండా స్తంభం పట్టుకుని ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూపించాను) కూలిపోవచ్చనీ వివరించాను. నా ఉపన్యాసాన్ని ఎవరూ అంత నిశ్శబ్దంగా వినలేదు అంతవరకూ. పక్కింటావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పెదనాన్న చేతిలో పేపరు జారిపోయింది. విషయం బాగా అందిందని నాకు ఎంతో తృప్తి కలిగింది.

మంగళవారం మధ్యలో ఒకసారి చూసి వద్దామని తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. ఎక్కగానే ఎదురుగా బాపట్ల అత్తయ్య. ఈవిడ పెదనాన్న చెల్లెలు, అంటే మా పెద్దమ్మకి ఆడపడుచు. ఒళ్ళో గుడ్డ సంచి, సంచిలో రెండు బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు, పాలపొడి డబ్బా. నన్ను చూడగానే కళ్ళు తుడుచుకుంది.

"వచ్చావా నాయనా. నువ్వే కదా కట్టింది."

"ఏం కట్టాను అత్తయ్యా?"

"మీ పెద్దమ్మకి గుండె మిషను. అన్నయ్య ఫోన్ చేసి ఒకటే ఏడుపు. గుండెలో నరాలు పూడుకుపోయినాయంట కదా, మన లైబ్రరీగాడే అంతా విప్పి చెప్పాడు అన్నాడు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు పేరు పెట్టి ప్రార్థన కూడా చేశారంట."

నా గుండె వేగం పెరిగింది (దానికి కారణాలు నాకు శాస్త్రీయంగా తెలుసు). "అత్తయ్యా, పెద్దమ్మకి ఏమీ లేదు. అది రోగం మిషను కాదు. కదలికని కొలిచే యంత్రం!"

"కదలకూడదనేగా కొలిచేది" అంది అత్తయ్య.

"కాదత్తయ్యా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే కడతాం."

"పైకి అట్టానే ఉంటారంట నాయనా, నువ్వే చెప్పావంట. పైకి బంగారంలాగే తిరుగుతారంట." పెట్టెలో ఉన్న మిగతా ఆడవాళ్ళు తలలూపారు. ఒకావిడ, "మా తోటికోడలికీ అంతే అమ్మా, పొద్దున కూడా ఇడ్లీ తిన్నది" అంది. రేపల్లె వచ్చేదాకా నేను ఒక్కో స్టేషనుకీ ఒక్కో కొత్త ఉపమానంతో వివరించాను. ఒక్కో ఉపమానానికీ పెద్దమ్మ పరిస్థితి మరింత విషమించింది. చివరి స్టేషను వచ్చేసరికి పెట్టెలో సగం మంది ఆవిడ కోసం మొక్కుకున్నారు.

ఇంటి ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. లోపల ముందుగదిలో నవారు మంచం, మంచం మీద మూడు దిండ్లు, దిండ్లకు ఆనుకుని మా పెద్దమ్మ! నడుముకి నా బెల్టు. పక్కన స్టూలు మీద బ్రెడ్డు ప్యాకెట్లు గోడకట్టి ఉన్నాయి. పడక కుర్చీ వదిలి ఎరగని పెదనాన్న మంచం పక్కన కూర్చుని బత్తాయి తొనలు ఒలిచి ఆవిడ చేతిలో పెడుతున్నారు. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు వంతులు వేసుకున్నారట. ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు వాకిట్లో, ఒకరు బట్టల దగ్గర. బడిలో తోటి వంటామె పెద్దమ్మ వంతు కూడా తనే చూసుకుంటానని కబురు పెట్టిందట. అత్తయ్య గుమ్మంలోనే, "వదినా!" అని ఒక్క కేక పెట్టి, మంచం కోడు పట్టుకుని కాసేపు ఏడ్చి, లేచి, చెంగు బొడ్లో దోపి, ఎవరూ అడగకుండానే దొడ్లో అంట్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

"పెద్దమ్మా! లే. లేచి నడు. రోజూలాగే ఉండమన్నాను కదా!" అన్నాను. ఆ మాట అనడమే ఆలస్యం, గది గదంతా నా మీద పడింది.

"ఏం పిల్లాడివయ్యా నువ్వు, గుండె మిషను ఉన్న మనిషిని నడవమంటావా?"

"పుస్తకాలు చదివితే జాలి ఉండదా బాబూ?"

"వాడి మాటలకేంలే, నువ్వు పడుకో అక్కా" అని ఒకావిడ నాలుగో దిండు పెట్టింది.

అందరూ టీల కోసం అటు తిరిగినప్పుడు పెద్దమ్మ వేలితో నన్ను దగ్గరికి పిలిచింది. గొంతు బాగా తగ్గించి, "ఒరే, నాకేం లేదని నాకు తెలుసురా" అంది.

"తెలిసి మరి..."

"శుక్రవారం నువ్వు వెళ్ళినాక, బడి నుంచి వచ్చి నేను గిన్నెలు దించబోతే మీ పెదనాన్న పరిగెత్తుకొచ్చాడు. పరిగెత్తుకొచ్చాడురా! నా చేతిలో గిన్నె లాక్కున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన గిన్నె ముట్టుకోవడం అదే. సరే, చూద్దాం, ఎందాకా పోతుందో అని పడుకున్నాను." దొడ్లోంచి గిన్నెల చప్పుడు వినిపించింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని చెవి అటు పెట్టింది. "వింటున్నావా? మీ అత్తయ్య. ఇన్నేళ్ళలో మా ఇంటికొచ్చి తాగిన గ్లాసు కూడా కడగలేదు. ఆ చప్పుడు వింటుంటే ఎంత హాయిగా నిద్ర పడుతుందో. వారం అన్నావు కదా? వారం అయ్యేదాకా నోరు మూసుకుని ఉండు."

నా ఉద్యోగం సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. మామయ్య షాపులో వెనక ఆనుకోవడానికి లేని ఆ స్టూలు కళ్ళ ముందు కదిలింది. అప్పుడే నా చూపు ఆవిడ పాదాల మీద పడింది. పగుళ్ళు పట్టిన రెండు పాదాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని, దిండు మీద పెట్టి ఉన్నాయి. వాటి కింద నేల కాకుండా మరొకటి ఉండటం నేను మొదటిసారి చూశాను. తెరిచిన నోటితో బత్తాయి తొన ఒకటి తిని, మూసేశాను.

వారం తర్వాత బెల్టు తెచ్చి బాపట్లలో కంప్యూటరుకి తగిలించాం. మామూలుగా మనుషుల గీతలు ఎగుడుదిగుడుగా వస్తాయి, గుట్టలూ పల్లాలూగా. పెద్దమ్మ గీత మొదటి పూట అంతెత్తు లేచి, ఆ తర్వాత రేపల్లె నుంచి నిజాంపట్నం పోయే దారిలా చదునుగా సాగిపోయింది. మేడమ్ కళ్ళజోడు సవరించుకున్నారు. "ఈవిడకి ఏమైంది? మంచంలో ఉన్న మనిషా?"

నా తోటి ఉద్యోగి, యంత్రం చెడిపోయిందని చెప్పమని నాకు సైగ చేశాడు. నాకు నచ్చలేదు. పైగా నేనొక కొత్త విషయం కనిపెట్టానన్న ధీమాతో ఉన్నాను. "మేడమ్, యంత్రం బాగానే ఉందండి. మన వైపు మనిషికి ఏ మిషను పెట్టినా చుట్టాలు పరామర్శకి వస్తారండి. వచ్చినవాళ్ళు ఆ మనిషిని కదలనివ్వరు, వాళ్ళే కదులుతారు. మనం పెద్దమ్మకి బదులు మా అత్తయ్యకి బెల్టు కట్టి ఉంటే గుట్టలేం ఖర్మ, కొండలే వచ్చేవండి" అన్నాను.

"మిషను చూస్తేనే గుండె జబ్బని ఎందుకనుకున్నారు? నువ్వు వాళ్ళకి ఏం చెప్పావు?"

ఉన్నది ఉన్నట్టుగా మళ్ళీ చెప్పాను, గోడకి ఆనుకుని ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూపించడంతో సహా. మేడమ్ తనకు తెలియకుండానే తన చెయ్యి తన గుండె మీద పెట్టుకున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కళ్ళజోడు తీసేసి, చాలాసేపు నవ్వారు. "ఇంత చెబితే నేనైనా పడుకునేదాన్ని. వెళ్ళు, మళ్ళీ వారం కట్టు. ఈసారి భార్యాభర్తలిద్దరికీ కట్టు. ఆవిడ బాగున్నారని చెప్పు, మామూలుగా ఉండమను. అంతకు మించి ఒక్క మాట మాట్లాడినా నువ్వు తెనాలిలోనే ఉండిపో" అన్నారు.

నేను రెండు బెల్టులతో వెళ్ళేసరికి పెద్దమ్మ గుమ్మంలోనే చూసి, "మళ్ళీ వారమా? దేవుడికి స్తోత్రం" అని నవారు మంచం వాల్చబోయింది. ఇక దాచలేకపోయాను. ఈసారి కూడా చదునుగా వస్తే నా ఉద్యోగం ఉండదని, జిరాక్సు షాపులో కూర్చోవాలని చెప్పాను.

ఆవిడ మంచం పట్టుకున్న చేత్తోనే దాన్ని గోడకి నిలబెట్టింది. "ఉద్యోగం పోతుందా? మంగళవారమే చెప్పొచ్చుగా సన్నాసీ, లేచి నాలుగు రౌండ్లు కొట్టేదాన్ని!" అని, వాకిట్లోకి వెళ్ళి, వీధికంతా వినపడేలా, "వందనాలమ్మా అందరికీ! మీ ప్రార్థనల వల్ల నా గుండె బ్రహ్మాండంగా ఉందంట. డాక్టరమ్మ చెప్పి పంపించింది. ఇంక ఎవరూ బ్రెడ్డు తేవొద్దు!" అని ప్రకటించింది. అరగంటలో చీపురు ఆవిడ చేతికి తిరిగొచ్చింది.

పెదనాన్న మాత్రం బెల్టు కట్టగానే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని పడక కుర్చీలోకి ఒరిగి, బలహీనమైన గొంతుతో, "బత్తాయిలు ఏమన్నా మిగిలినాయా?" అని అడిగారు. వంటింట్లోంచి సమాధానం వచ్చింది: "రోజూలాగే ఉండమన్నాడు. కావాలంటే లేచి తెచ్చుకోండి." ఆయన కాసేపు ఆలోచించి, అక్కర్లేదన్నారు.

ఆ వారం గీతలు చూసి మేడమ్ నాకు చెయ్యి కలిపారు. పెద్దమ్మ గీత తెర పైఅంచు తాకి వచ్చింది. రెండో గీత తెరవగానే మాత్రం ఆవిడ ముఖం మారింది. "ఇదేంటయ్యా, ఆవిడని మళ్ళీ పడుకోబెట్టారా?"

"కాదండి, ఇది మా పెదనాన్న. ఆయన ఆరోగ్యంగా, మామూలుగా ఉన్నారండి."

ఉద్యోగం నిలబడింది. రేపల్లె నుంచి అడవులదీవి దాకా ఎన్నో నడుములకు బెల్టులు కట్టాను, ఒక్కో ఇంట్లో రెండేసి వాక్యాలు మాత్రమే మాట్లాడి. (అది నాకు ఎంత కష్టమో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.) ఇంటింటికీ తిరిగి తిరిగి నా పిక్కల కండరాలు కూడా పుస్తకంలో చెప్పినట్టే పనిచేయడం నేర్చుకున్నాయి.

ఇప్పుడు అలాంటి యంత్రం బజారులోకే వచ్చేసింది. నా చేతికి కూడా ఒక గడియారం ఉంది. ఆఫీసు కుర్చీలో ఎక్కువసేపు కూర్చుంటే అది మణికట్టు మీద గిలగిల్లాడి లేవమంటుంది. మొన్న రేపల్లె వెళ్ళినప్పుడు పెదనాన్న పడక కుర్చీ పక్కన కుర్చీ వేసుకుని, గుండె గురించి కొత్తగా చదివిన సంగతులు ఆయనకి చెబుతూ ఉంటే అది మోగింది. వంటింటి గడపలో నిలబడి, జుట్టంతా నెరిసిన మా పెద్దమ్మ చాటలో బియ్యం ఏరుతోంది.

"ఏంట్రా అది?"

"ఎక్కువసేపు కూర్చుంటే లేవమని చెబుతుంది పెద్దమ్మా. నీకూ ఒకటి తెచ్చి పెట్టనా?"

ఆవిడ బియ్యంలోంచి తలెత్తలేదు. "లేవమని చెప్పడానికి నాకు మిషనెందుకురా, ఇంటినిండా ఉన్నారు. కూర్చోమని చెప్పేది ఎక్కడన్నా దొరికితే పట్రా."

గడియారం ఇంకా గిలగిల్లాడుతూనే ఉంది. లేచి, నా కుర్చీ తీసుకెళ్ళి గడప పక్కన వేసి, ఆవిడ చేతిలో చాట అందుకున్నాను. కాసేపు నావైపు అనుమానంగా చూసి, కుర్చీ అంచున కూర్చుంది. తర్వాత మెల్లగా వెనక్కి జారగిలబడింది. చాటలో నా వేళ్ళు తిరుగుతున్న తీరు చూసి, నవ్వు నోట్లోనే ఆపుకుంటూ అడిగింది:

"బియ్యం ఏరడం ఎక్కడ నేర్చుకున్నావురా?"

"చదివాన్లే పెద్దమ్మా" అన్నాను, పాతికేళ్ళ వయసులో ఉన్నంత ధీమాగానే.